చేట చాటున చింతపిక్క

గుంటూరులో బస్సు దిగి పది అడుగులు వేయకముందే మూడు తుమ్ములు తుమ్మాను. ఒక తుమ్ము అపశకునం, రెండు తుమ్ములు శుభం అనేది మా నాయనమ్మ. మూడో తుమ్ము సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పక్కన అరటిపళ్లు అమ్ముతున్న ఆవిడ నన్ను చూసి నవ్వింది.

"ఊరికి కొత్తా? మిరపకాయల యార్డు గాలి ఇటు తిరిగింది. నాలుగు రోజులుంటే అలవాటైపోద్ది."

నాలుగు కాదు, ఆరు రోజులున్నాను. అలవాటు కాలేదు. అయినా ఆ ఆరు రోజులూ బాగున్నాయి. మా శ్రీకాకుళం వైపు నుంచి ఆ చేల దాకా పనిగట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను వెళ్లింది గుడులు చూడటానికి కాదు. అమరావతి అంత దగ్గరలో ఉండి కూడా చూడలేదు. రెండువేల మూడు ఫిబ్రవరి అది. స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ అయ్యి ఏడాది. ఒక పరిశోధన సంస్థ వాళ్లు నన్ను ఒక సర్వేకి పంపారు. పురుగుమందు కొట్టిన మిరప, పత్తి చేలల్లో పనిచేసే కూలీల్లో ఎంతమందికి కళ్లు తిరుగుతున్నాయి, వాంతులవుతున్నాయి అన్నది తేల్చాలి. వినడానికి చిన్న ప్రశ్నే. చిక్కు ఏమిటంటే ఎవరూ నిజం చెప్పరు. అక్కడ కూలీలు ముఠాలుగా వెళతారు. ముఠాకి ఒక మేస్త్రి ఉంటాడు. రైతు మేస్త్రితో మాట్లాడుకుంటాడు, రేపు ఎవరు రావాలో మేస్త్రి చెబుతాడు. చేలో కళ్లు తిరిగి పడిపోయే మనిషిని అతను పిలవడు, ఎందుకంటే మోసుకెళ్లాల్సింది అతనే. అందుకని పడిపోయినవాళ్లు కూడా లేచి, ముఖం కడుక్కుని, "ఎండ" అంటారు.

దీనికి మా చదువులో ఒక ఉపాయం ఉంది. అడిగేవాడికి కూడా నిజం తెలియకుండా అడగడం. నేను దాన్ని చింతపిక్కతో చేశాను. పిక్కని బండమీద అరగదీస్తే ఒకవైపు తెల్లగా తేలుతుంది, రెండోవైపు నల్లగానే ఉంటుంది. మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడింది ఆ పిక్కలతోనే. ప్రశ్న విన్న మనిషి నాకు కనపడకుండా పిక్క వేసుకోవాలి. తెలుపు పడితే నిజం చెప్పాలి. నలుపు పడితే నిజం ఏదైనా సరే "అవును" అనాలి. అప్పుడు "అవును" అన్న మనిషి నిజంగా జబ్బుపడిందో, పిక్క అనిపించిందో నాకు తెలియదు, మేస్త్రికి తెలియదు, ఎవరికీ తెలియదు. నలభై మందిలో సుమారు ఇరవై "అవును"లు పిక్కవని నాకు ముందే తెలుసు. వాటిని తీసేసి లెక్క కడితే ఊరి మొత్తం నిజం దొరుకుతుంది. ఏ ఒక్కరి నిజమూ దొరకదు.

పిక్క సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మొదట ఒక ఉత్త ప్రశ్న పెట్టుకున్నాను: "మీరు ఎప్పుడైనా విమానం ఎక్కారా?" కూలికి వెళ్లేవాళ్లెవరూ ఎక్కి ఉండరు కాబట్టి దానికి వచ్చే "అవును"లన్నీ పిక్కవే.

పిడుగురాళ్ల: తెల్లటి ఊరు

పిడుగురాళ్లలో వేపచెట్లు కూడా తెల్లగా ఉంటాయి. సున్నం బట్టీల పొడి ఆకుల మీద, సైకిలు సీట్ల మీద, ఇడ్లీ బండి రేకు మీద. ప్లేటు ఇడ్లీ ఐదు రూపాయలు. మా వైపు ఇడ్లీకి చట్నీ ఇస్తారు. ఇక్కడ ఇడ్లీ మీదే ఎర్రటి కారప్పొడి చల్లి నెయ్యి పోశారు. నేను పొడి కాస్త పక్కకు నెట్టబోతే బండాయన ఊరుకోలేదు.

"ఏందయ్యా, తీసేస్తున్నావు? దానికోసమేగా ఇడ్లీ!"

కళ్లనీళ్లతో తిన్నాను. రెండో ప్లేటు అడిగింది కూడా నేనే.

అక్కడికి గంట దూరంలో ఒక పల్లెలో మొదటి రోజు పని. మిరప కోతకు వెళ్లొచ్చిన నలభై మంది. పిక్కని ఫొటో రీలు వచ్చే నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చేవాణ్ణి. గిలకొట్టి, మూత తీసి, ఒక కన్నుతో చూసుకుని జవాబు చెప్పాలి. జనానికి ఆ డబ్బా తెగ నచ్చింది. కూలి పనుల్లో వేళ్లు మొద్దుబారిన ఒక పెద్దాయన గిలకొట్టి, లోపలికి చూసి, గంభీరంగా తల పంకించాడు.

"విమానం ఎక్కారా, తాతా?"

"ఎక్కా. కిటికీ పక్కన కూకున్నా."

అరుగు మీదున్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. నలుపు పడినవాడు "అవును" అంటే చాలు, కిటికీ అక్కర్లేదని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "అబద్ధమాడేటప్పుడు కూడా అతికినట్టు ఉండాలి గదయ్యా," అన్నాడు. అలా ఆ పల్లెలో చాలామంది కూలీలు ఆ సాయంత్రం విమానం ఎక్కారు. ఎంతమందో లెక్క పెట్టలేదు. ఊళ్లో ఉండగా లెక్క కూడకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఊహలు మొదలవుతాయని. ఆ నియమం గురించి మళ్లీ చెబుతాను.

నరసరావుపేట బస్సులో

మర్నాడు పొద్దున బస్సులో నిలబడే ప్రయాణం. టిక్కెట్టు కోసం చొక్కా జేబులో చేయి పెట్టేసరికి డబ్బా జారి, మెట్ల మీంచి దొర్లి, రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న లారీ దాన్ని తొక్కేసింది. నేను "అయ్యో" అంటే కండక్టరు బెల్లు కొట్టబోయి ఆగాడు.

"ఏం పోయింది? ఫొటోల రీలా?"

"కాదండీ. చింతపిక్క."

అతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "చింతపిక్క కోసం బస్సు ఆపాలా?" అని బస్సంతటికీ వినిపించేలా అడిగాడు. ఇక్కడివాళ్లు ఏదీ చెవిలో చెప్పరు. మా ఊళ్లో పోట్లాటప్పుడు వాడే గొంతు ఇక్కడ క్షేమం అడగడానికి వాడతారు. రెండు రోజులు నేను ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను, మూడో రోజు నుంచి నేనూ అరవడం మొదలుపెట్టాను.

సంచిలో ఇంకా ఐదు పిక్కలున్నాయి. డబ్బాదేముంది, పిక్క ఉంటే చాలనుకున్నాను.

పేరు రాయని ఊరు

తరవాతి ఊరి పేరు రాయను. చిలకలూరిపేటకి మరీ దూరం కాదు అని మాత్రం చెబుతాను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

అక్కడ ముఠా మేస్త్రి, వెంకటేశ్వర్లు అనుకుందాం, నన్ను తన ఇంట్లోనే దించుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి, పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. అన్నంలోకి కొరివికారం వేయించాడు. పండుమిరపకాయలు చింతపండుతో కలిపి నూరిన పచ్చడి అది. మా ఇంట్లో పులుసులో కూడా బెల్లం వేస్తారని చెబితే ఆయన భార్యని కేకేసి మరీ చెప్పాడు: "విన్నావా? వీళ్లు పులుసులో బెల్లం వేసుకుంటారంట! పాపం, ఇంకొంచెం నెయ్యి వెయ్యి."

పొద్దున ముఠాతో పాటు చేలోకి వెళ్లాను. మోకాలి ఎత్తు మొక్కలకి ఎర్రగా కాయలు వేలాడుతున్నాయి. ఆడవాళ్లు రెండు చేతులతో కోస్తూ, మాట్లాడుకుంటూ, సాలు వెంట సాలు ముందుకు జరుగుతున్నారు. ముందురోజే మందు కొట్టారని వాసన చెబుతోంది. పదకొండు గంటల వేళకి నేను గట్టు మీద కూర్చుండిపోయాను. దీనమ్మ అనే ఆమె వచ్చి చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఏభై దాటిన మనిషి, ఆ ఊరి చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమేనట.

"ఏం బాబూ?"

"ఎండ," అన్నాను.

"ఎండేలే," అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం చర్చి పక్క గదిలో సర్వే. డబ్బా లేదు కనుక ఒక చేట అడిగి తెచ్చుకున్నాను. మనిషి చేట నిలబెట్టుకుని దాని చాటున నేల మీద పిక్క వేస్తుంది, చూసుకుంటుంది, జవాబు చెబుతుంది. ఒక్కొక్కరే లోపలికి. డబ్బా కన్నా ఇదే బాగుందనిపించింది. అందరికీ అలవాటైన ఆట, అందరింట్లో ఉండే చేట. పొద్దుగూకేలోపు నలభై మందీ అయిపోయారు. పిడుగురాళ్ల వైపు పట్టినంతసేపు కూడా పట్టలేదు.

ఒక్క దీనమ్మే గడప దగ్గర నిలబడి వాదించింది.

"నల్లది పడితే విమానం ఎక్కానని చెప్పాలా? ఎక్కకపోయినా?"

"అవునమ్మా. ఆట లాంటిది."

"ఆటా? ఆదివారం చర్చిలో పాట పాడి, శుక్రవారం చర్చి గోడ పక్కనే కూచుని అబద్ధం ఆడమంటావు. బాగుంది నీ చదువు."

"అబద్ధం కాదమ్మా, పిక్క చెప్పిన మాట."

"పిక్కకి నోరుందా?" అంది. ఆ పక్కనే ఉన్న మస్తాన్‌బీ ఆమె మోచేయి పట్టుకుని లోపలికి నెట్టింది. మస్తాన్‌బీకి అరవై ఉంటాయి, చేతికి ఎర్రగాజులు, నోట్లో వక్క. "పోవే, నల్లది పడితేగా!" అంది. ఆ మాట నేను విన్నాను. పట్టించుకోలేదు.

అసలు తప్పు దాని తరవాత చేశాను. ప్రతి ఊళ్లోనూ కార్బను పెట్టి జాబితా రెండు ప్రతులు రాసేవాణ్ణి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. తరవాత డాక్టర్లు వస్తారు కాబట్టి పేర్లు కూడా రాయమన్నారు మా ఆఫీసువాళ్లు. మర్నాడు బయల్దేరుతుంటే వెంకటేశ్వర్లు ఆ కాగితాల వైపు చూశాడు.

"అందులో మా వాళ్లు ఏం చెప్పారో నేను చూడకూడదా?"

"చూడండి. చూసినా ఏమీ తెలియదు," అన్నాను.

"అదేంది? పేరుంది, పేరు పక్కన అవును, కాదు అనుంది. తెలియకపోవడం ఏంది?"

నేను ఆయనకి ఉపాయమంతా వివరించాను. వివరించడం నాకిష్టం. ఆయన నమ్మలేదు. అప్పుడు కార్బను ప్రతి చించి ఆయన చేతిలో పెట్టాను. "మీ దగ్గరే ఉంచుకోండి. గోడకి అంటించినా ఎవరి గుట్టూ బయటపడదు," అన్నాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు దారిలో తినడానికి జంతికల పొట్లం కట్టించాడు.

పర్చూరు వైపు పత్తిచేలు

చిలకలూరిపేటలో ఒక ఫొటో స్టూడియోలో కొత్త డబ్బా అడిగాను. స్టూడియో ఆయన ఒకటి అడిగితే నాలుగు ఇచ్చాడు. "రోజూ పారబోస్తాం. ఏం దాచుకుంటారు, పొడుమా?" అన్నాడు. వారం మొత్తంలో ఉచితంగా దొరికింది అదొక్కటే.

అక్కణ్ణుంచి పర్చూరు దాటి ప్రకాశం జిల్లా పత్తిచేలల్లోకి వెళ్లాను. నల్లరేగడి నేల ఎండకి పగిలి ఉంది. పగుళ్లలో నా చెప్పు ఒకసారి ఇరుక్కుపోయింది. ఆఖరి పత్తి తీత నడుస్తోంది. ఆడవాళ్లు పాత చీరని ఒడిలా కట్టుకుని అందులో పత్తి నింపుకుంటున్నారు. దూరం నుంచి చూస్తే అందరూ నిండు నెలల్లో ఉన్నట్టే ఉంటారు. ఆ మాట అంటే ఒకామె చటుక్కున అందుకుంది: "రోజూ పొద్దున కడుపు, సాయంత్రం కాన్పు. మా మొగుళ్లకి లెక్క దొరకడం లేదు!"

జొన్న రొట్టె, గోంగూర, పచ్చి ఉల్లిపాయ పెట్టారు. డబ్బులు తీసుకోమంటే కోపం వచ్చింది వాళ్లకి. టీ మాత్రం కొట్టులో రెండు రూపాయలు పెట్టి నేనే తాగించాను, పద్నాలుగు మందికి. అక్కడా నలభై మందితో సర్వే అయింది, కొత్త డబ్బాతో.

చీరాల, వేటపాలెం

చీరాలలో లాడ్జి గది ఎనభై రూపాయలు. కిటికీ తీస్తే మగ్గాల చప్పుడు. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం పద్దెనిమిది రూపాయలు; బెల్లం లేదు, అడగలేదు. భోజనం అయ్యాక వేటపాలెం వెళ్లి జీడిపప్పు బట్టీలు చూశాను. జీడి గింజ పగలగొడితే వచ్చే జిగురు చేతులు తినేస్తుందని ఆడవాళ్లు బూడిద పూసుకుని పనిచేస్తున్నారు. ఒకామె అరచేయి చూపించింది. గీతలన్నీ నల్లగా, ఎవరో ఇంకుతో దిద్దినట్టున్నాయి. "జోస్యం చెప్పేవాడికి సుఖం," అంది. మా ఇంటికి అరకిలో ముక్క జీడిపప్పు కొన్నాను. గుండు పప్పు ధర అడిగి ఊరుకున్నాను.

పని అయిపోయింది, మనసు తేలిగ్గా ఉంది. బట్టీ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని మొదటిసారి లెక్క కూడాను. విమానం ప్రశ్న ముందు. పిడుగురాళ్ల వైపు పల్లెలో నలభై మందిలో పందొమ్మిది మంది విమానం ఎక్కారు. పర్చూరు వైపు ఇరవై ఒక్కరు. చాలా బాగుంది; సగానికి అటూ ఇటూ.

పేరు రాయని ఊళ్లో ఇద్దరు.

మళ్లీ లెక్కపెట్టాను. ఇద్దరే. నలభై మంది పిక్క వేస్తే నలుపు రెండుసార్లే పడటం సాధ్యమా అని వేలితో బల్ల మీద లెక్క వేశాను. జరగదు. గాలివాటంగా అయితే జరగదు. కావాలని వేస్తేనే జరుగుతుంది.

అప్పుడు మస్తాన్‌బీ మాట వినిపించింది. "పోవే, నల్లది పడితేగా!"

దాని వెనకే మా నాయనమ్మ గుర్తొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అష్టాచెమ్మాలో ఆమె ఓడిపోగా చూడలేదు. ఎనిమిది కావాలంటే ఎనిమిది పడేది, నాలుగు కావాలంటే నాలుగు పడేది. అది అదృష్టం అనుకున్నాను. సంభావ్యత మీద రెండేళ్లు పరీక్షలు రాసి కూడా అదృష్టమనే అనుకున్నాను.

వాళ్లు అబద్ధం చెప్పడానికి ఇష్టపడలేదు. పిక్క చేతిలో ఉంది, ఆట చిన్నప్పటి నుంచి తెలుసు. తెలుపే వేశారు. తెలుపు పడిందంటే నిజం చెప్పాలి. నిజమే చెప్పారు. అంటే కళ్లు తిరిగాయా అన్న అసలు ప్రశ్నకి ఆ ఊళ్లో వచ్చిన "అవును"లు పిక్కవి కావు, మనుషులవి. వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను. పదకొండు మంది. పేర్లతో సహా. ఆ కాగితం కార్బను ప్రతి మేస్త్రి జేబులో ఉంది, నేనే పెట్టాను. సోమవారం నుంచి రెండో కోత. ఆ రోజు ఆదివారం.

లెక్క అక్కడే, ఆ ఊళ్లోనే కూడి ఉంటే తెలిసిపోయేది. నియమం పెట్టుకున్నది నేనే. టీ సగంలో వదిలేసి లేచాను.

వెనక్కి

చీరాల నుంచి చిలకలూరిపేటకి ఎక్కిన బస్సు పర్చూరు దాటాక చెడిపోయింది. ఆ రోజుకి ఆ ఊరి బస్సు అందలేదు. పేటలో బస్టాండు ఎదురుగా పడుకుని, తెల్లవారి మొదటి బస్సు పట్టుకున్నాను. బస్సు దిగాక ఉన్న మూడు కిలోమీటర్లూ మిరపకాయలు వేసుకొచ్చే టైరుబండి మీద. దారి పొడుగునా కల్లాల్లో కాయలు ఎండబోసి ఉన్నాయి, ఎర్ర దుప్పట్లు పరిచినట్టు. మొదటిసారి చూసినప్పుడు అందంగా ఉన్నాయని పుస్తకంలో రాసుకున్నాను. ఈసారి పదకొండు పేర్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ పేర్లలో దీనమ్మది ఉందో లేదో ఇక్కడ చెప్పను.

మేస్త్రి ఇంటి అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రావయ్యా, రా! కొంప ముంచిపోయావు గదయ్యా!"

"మేస్త్రిగారూ, ఆ కాగితం..."

"కాగితమే! నిన్న సాయంత్రం కోతకి మనుషుల్ని పిలుద్దామని కూచున్నా. నీ కాగితం తీసి చూశా. పదకొండు మందికి అవును అనుంది. నువ్వేమో ఏమీ తెలియదన్నావు. పోనీ, ఎందుకొచ్చిన గొడవ, ఈ పదకొండు మందీ ఈ కోతకి ఇంటికాడ ఉండండి, ఒళ్లు బాగు చేసుకోండి అన్నా. మంచికే అన్నా!"

"తరవాత?"

"తరవాతేంది? ఆ మస్తాన్‌బీ లేచింది. 'నాక్కూడా కళ్లు తిరిగినయ్ మేస్త్రీ, నా పేరు పక్కన కాదు అనుందా? తప్పు రాశాడు' అంది. ఆమె కూచోకముందే ఇంకోతి లేచింది. ఆ వెనక ఇంకోతి. ఒక్కోతి లేచి నాకూ తిరిగినయ్, నేనూ వాంతి చేసుకున్నా... దీనమ్మ కూడా! నలభై మందీ జబ్బు మనుషులేనంట! కాయ చెట్టు మీద తెల్లబడిపోతుంటే నలభై మందినీ ఇంటికాడ కూచోబెట్టి నేను కోసుకోనా?"

"మరి ఇవాళ ఎవరు వెళ్లారు?"

"ఎవరు వెళ్తారు? అందరూ వెళ్లారు!" గొంతు కాస్త తగ్గించాడు. తగ్గించినా పక్కింటికి వినపడింది. "రైతుకి చెప్పాన్లే. మందు కొట్టిన మర్నాడే మా వాళ్లని దించను, రెండు రోజులు ఆగి పిలవమని. ఒకళ్లిద్దరు పడితే మోస్తాను. నలభై మందిని ఎట్టా మొయ్యను?" అని జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "తీసుకుపో. గోడకి అంటించడానికి కూడా పనికిరాదు ఇది."

లోపలి నుంచి ఆయన భార్య అన్నం తినిపొమ్మంది. తిన్నాను. కొరివికారం రెండోసారి అడిగి వేయించుకున్నాను.

చేను గట్టు మీద

ముఠా మధ్యాహ్నం అన్నాలకి గట్టెక్కినప్పుడు వెళ్లాను. నలభై మంది ఒక్కసారి నా వైపు చూస్తే, ఏం మాట్లాడాలో బస్సులో రాసుకున్న నాలుగు అంశాలూ మరిచిపోయాను.

"తప్పు నాదమ్మా," అన్నాను. "ఎవరికీ తెలియదని మీకు మాటిచ్చాను. తెలిసేలా చేశాను."

రెండు ప్రతులూ, అసలుదీ కార్బనుదీ, దీనమ్మ చేతికి ఇచ్చాను. ఆమె వాటిని చదవలేదు. టీ కాగుతున్న రాళ్ల పొయ్యిలో పెట్టింది. మా ఆఫీసు నివేదికలో ఆ ఊరి లెక్క ఉండదు. "ఈ గ్రామంలో పద్ధతి విఫలమైంది" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ తరవాత నేను ఏ సర్వేలోనూ పేర్లు రాయలేదు. దానికి మా పై అధికారితో పడిన వాదన వేరే కథ.

"పిక్క కావాలనే తెలుపు వేశారు కదా, అందరూ?" అని అడిగాను.

"నల్లది పడితే అబద్ధం చెప్పాలన్నావుగా," అంది మస్తాన్‌బీ. "అందుకే పడనివ్వలా."

"మరి ఇద్దరికి పడింది?"

"ఆ ఇద్దరూ కొత్త కోడళ్లు. టవున్ పిల్లలు. ఆట రాదు."

కొత్త కోడళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాకొక్కటే మిగిలింది. దీనమ్మని అడిగాను. "నల్ల పిక్క పడితే అవును అనమంటే అబద్ధమన్నారు. నిన్న మేస్త్రి ముందు అందరూ అవును అన్నారు. మీరు కూడా."

ఆమె చేతిలోని ముద్ద పూర్తిగా తిని నీళ్లు తాగింది.

"చింతపిక్క కోసం అబద్ధం ఆడమంటే ఎట్టా ఆడతాను బాబూ? మనిషి కోసమంటే ఆ లెక్క వేరు. దేవుడికి నేను చెప్పుకుంటాలే."

నేను రెండేళ్లు చదివిన పాఠం అదే. జబ్బు లేనివాళ్లు కొందరు "అవును" అంటే తప్ప, బయటపడకూడనివాళ్లు దాగరు. ఆ "అవును" అనే పని నేను పిక్కకి అప్పగించాను. వీళ్లు పిక్కని పక్కన పెట్టి తామే అన్నారు. అందులో ఎవరిది నిజమో మేస్త్రికి ఇక తెలియదు. దీనమ్మది నిజమో కాదో నేనూ చెప్పను.

మస్తాన్‌బీ నా సంచిలోంచి ఒక పిక్క తీసుకుంది. "చూడు, ఏది కావాలి?" తెలుపు అన్నాను, తెలుపు వేసింది. నలుపు అన్నాను, నలుపు. ఆరుసార్లు అడిగాను, ఆరుసార్లూ అడిగిందే పడింది. రెండు వేళ్ల మధ్య ఎలా పట్టుకోవాలో, ఎంత ఎత్తు నుంచి జార్చాలో చూపించింది. నాకు రాలేదు. మూడు నాలుగుసార్లు ప్రయత్నించాను, పిక్క ఇష్టమొచ్చినట్టే పడింది.

"ఈ అబ్బాయి పనికొస్తాడు," అంది మస్తాన్‌బీ. "ఇతగాడి చేతిలో మోసం లేదు. దీనమ్మా, చేట ఇయ్యవే. మనం అడుగుదాం."

చేట నా ముందు నిలబెట్టారు. దీనమ్మ ఎదురుగా కూర్చుని, నా గొంతునీ నా శ్రీకాకుళం యాసనీ అనుకరిస్తూ అడిగింది.

"మీరు ఎప్పుడైనా, మందు కొట్టిన చేలో కళ్లు తిరిగి, ఆ సంగతి దాచిపెట్టారాండీ?"

చేట చాటున పిక్క వేశాను. చూసుకున్నాను.

"అవును," అన్నాను.

గట్టంతా నవ్వులు. "నలుపే, నలుపే!" అని ఒకామె, "కాదు, ఆనాడు ఎండన్నాడుగా!" అని ఇంకొకామె. నేను పిక్క తీసి జేబులో వేసుకున్నాను. అది ఏవైపు పడిందో వాళ్లకి చెప్పలేదు. ఇక్కడా రాయను.